టీచరుగారు బయట ఉండవలసిన ఉదయం

తార్నాక కూడలి నుంచి యూనివర్సిటీ వైపు వెళ్లే దారిలో పొద్దున్నే ఇద్దరు మనుషులు కనిపించేవారు. ముందు ఒక పొడుగాటి మగమనిషి, ఇస్త్రీ చొక్కా, మెడ దాకా పెట్టుకున్న గుండీలు. కాస్త వెనకగా నేతచీర కట్టుకున్న పొట్టి స్త్రీ, చేతిలో గొడుగు. రోడ్డు దాటాల్సిన చోట అతను ఆగేవాడు. ఆమె వచ్చి పక్కన నిలబడేది. దాటాక మళ్లీ అతను ముందు, ఆమె వెనక.

కొత్తవాళ్లు తల్లీకొడుకులనుకునేవారు. కాదు. ఆమె ఎవాంజెలిన్, చర్చి బడిలో మూడో తరగతి టీచరు. అతను ఆమె అక్క కొడుకు శాంసన్.

తెనాలి పక్క పల్లె నుంచి ఆమె యూనివర్సిటీలో బీయెడ్ చదవడానికి వచ్చింది. తార్నాకలో అక్కాబావల ఇల్లు. బావ ఆనందరావు యూనివర్సిటీ పరీక్షల విభాగంలో గుమాస్తా. చదువు కాగానే ఊరికి వెళ్లి అక్కడి బడిలో చేరాలని ఆమె లెక్క. ఆ ఏడు వానాకాలంలో అక్క జ్వరంతో పోయింది. శాంసన్‌కు అప్పటికి ఆరేళ్లు. మాటలు ఇంకా కుదురుకోలేదు. నడక ఆలస్యం, అన్నీ ఆలస్యం. పెద్దాసుపత్రిలో డాక్టరు, ఈ పిల్లవాడి బుద్ధి చిన్నపిల్లవాడి దగ్గరే ఆగిపోతుందని చెప్పాడు.

సమాధి దగ్గరి నుంచి తిరిగొచ్చిన వారంలోనే చర్చి సంఘపెద్దలు ఆమెను బావకిచ్చి చేద్దామన్నారు. ఆమె వద్దంది. ఆయనా వద్దన్నాడు. కారణం ఎవరూ అడగలేదు. ఆమె పెరటివైపు గదిలో ఉండిపోయింది. తమ్ముళ్లు వచ్చి పిలిచారు, ఉత్తరాలు రాశారు, తరవాత రాయడం మానేశారు.

ఆమె శాంసన్‌కు చొక్కా తొడుక్కోవడం నేర్పింది. పళ్లు తోముకోవడం, గ్లాసు నిండేలోగా చెంబు ఎత్తడం, వీధిలో ఎవరైనా నవ్వితే తిరిగి నవ్వకుండా ముందుకు నడవడం. అన్నిటికంటే కష్టపడి నేర్పింది సంతకం. ఏళ్లు పట్టింది. ఒక్కో అక్షరం వచ్చాక రెండోది మరిచిపోయేవాడు. ఒకరోజు పేరంతా ఒక గీతలో వచ్చింది. ఆ రోజు నుంచి దొరికిన చోటల్లా పెట్టాడు. పేపరు అంచుల మీద, పక్కింటి స్కూటరు సీటు మీది దుమ్ములో, చర్చి పాటల పుస్తకం అట్టలోపల. ఆమె వారించలేదు. పెట్టిన ప్రతిసారీ చూసింది.

పంతొమ్మిది వందల తొంభై ఆరు వానల్లో ఆనందరావుకు పక్షవాతం వచ్చింది. అప్పటికి రిటైరై కొన్నేళ్లు. కుడిచెయ్యి పోయింది, మాట పోయింది. ఒక్క శబ్దం మిగిలింది: ఆబా. ఆకలికి అదే, కోపానికి అదే, ప్రార్థన చివర కూడా అదే. కళ్లు మాత్రం పాతవే. పేపరు ముందు పెడితే కళ్లు పైనుంచి కిందికి ఒక్కో వరుసా దిగేవి.

మరుసటి ఏడు, ఆయన పాత ఆఫీసు మనిషి ఒకాయన చూడ్డానికి వచ్చి ఒక సంగతి చెప్పాడు. ఆనందరావు తరవాత కుటుంబ పింఛను శాంసన్‌కు బతికినంతకాలం వస్తుంది. అయితే అతను తన బతుకు తాను బతకలేడని వైద్యుల బోర్డు రాసివ్వాలి. ఆయనుండగానే ఆ పని చేయించుకుంటే మంచిది.

ఎవాంజెలిన్ శాంసన్‌ను బోర్డుకు తయారు చేసింది. ఇన్‌స్పెక్టరు వచ్చే ముందు క్లాసును తయారు చేసినట్టే. కొత్త చొక్కా. తలకు నూనె. దారిలో బస్సులో కూడా వల్లె వేయించింది. పేరు, నాన్న పేరు, ఏ వారం.

"పేరేంటి?" అన్నాడు బోర్డు డాక్టరు.

"కె. శాంసన్ సార్. గుడ్ మార్నింగ్ సార్."

"ఇవాళ ఏ వారం?"

"బుధవారం సార్."

"సంతకం పెట్టగలవా?"

శాంసన్ జేబులోంచి సొంత పెన్ను తీశాడు. పెట్టాడు. కింద గీత కూడా గీశాడు.

డాక్టరు కాగితం అటెండరుకు చూపించాడు. "చూడవయ్యా, నీకంటే బాగా పెట్టాడు." ఎవాంజెలిన్ వైపు తిరిగాడు. "ఇతనికేం తక్కువమ్మా? ఎందుకు తీసుకొచ్చారు?"

తిరుగు బస్సులో శాంసన్ కిటికీ పక్కన కూర్చున్నాడు.

"పాసయ్యానా పిన్నీ?"

"ఫస్ట్ క్లాసురా."

ఆ శనివారం ఆమె కామాక్షి దగ్గరికి వెళ్లింది. కామాక్షి విద్యానగర్‌లో ఉండే లాయరు. యూనివర్సిటీ లా కాలేజీలో పాఠం చెప్పేది. శనివారాలు అక్కడే ఒక గదిలో కూర్చుని పింఛన్లు రాని ముసలివాళ్లకు, దిక్కులేని వాళ్లకు ఊరికే సలహా చెప్పేది. జరిగింది విని ముందు నవ్వింది. నవ్వినందుకు క్షమించమంది. మళ్లీ నవ్వింది.

"టీచర్‌గారూ, అక్కడ పాసైనవాళ్లకు ఏమీ ఇవ్వరండీ."

"అబద్ధం చెప్పించమంటారా?"

"అక్కర్లేదు. నిజమే చెప్పనివ్వండి. మీరు సాయం చెయ్యకండి, అంతే."

మళ్లీ అర్జీ పెట్టారు. రెండోసారి ఆమె ఏమీ నేర్పలేదు. శాంసన్ గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్నాడు. సరిచెయ్యబోయి ఆమె రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. ఈసారి మరో డాక్టరు.

"ఇంట్లో ఒక్కడివే ఉన్నావు. స్టౌ మీద పాలు పొంగుతున్నాయి. ఏం చేస్తావు?"

"పిన్నిని పిలుస్తా."

"పిన్ని బడిలో ఉంది."

"పిలుస్తా."

"బడికి వినపడదు కదా?"

శాంసన్ ఆలోచించాడు. "గట్టిగా పిలుస్తా."

డాక్టరు తలవంచి రాయడం మొదలుపెట్టాడు. ఆ కాగితం చేతికొచ్చినప్పుడు ఎవాంజెలిన్‌కు సంతోషం కలగలేదు. తను నేర్పిందంతా పక్కన పెట్టి మిగిలిన లోటును కొలిచి దానికి ముద్ర వేశారు. ఆమె ఆ కాగితాన్ని శాంసన్‌కు చూపించకుండా సంచిలో పెట్టుకుంది.

కాగితం తీసుకెళ్లి చూపించినప్పుడు కామాక్షి అడిగింది. "పింఛను సంగతి అయింది. ఇల్లో?"

"ఇంటికి వీలునామా ఎప్పుడో రాశారండీ. బావగారు బావున్నప్పుడే. రిజిస్టరు కూడా చేయించారు."

మరో శనివారం తెచ్చి చూపించింది. కామాక్షి చదివింది. చిన్న వీలునామా. నా తరవాత ఈ ఇల్లు నా మరదలు ఎవాంజెలిన్‌కు చెందుతుంది, అని. కామాక్షి చూపు కింద ఆగింది.

"ఈ రెండో సాక్షి సంతకం ఎవరిది?"

"నాదే." గొంతులో కాస్త గర్వం ఉంది.

వాళ్ల సంఘంలో పెళ్లయితే చర్చి రిజిస్టరులో సాక్షులుగా అయినవాళ్లే సంతకం పెడతారు. వధువు తరఫున తల్లి, మేనమామ. ఎంత దగ్గరివాళ్లయితే అంత మర్యాద. ఆనందరావు వీలునామా రాయించినరోజు దస్తావేజు రాసేవాడు ఇద్దరు సాక్షులు కావాలన్నాడు. ఒకరు సంఘపెద్ద. రెండోది మా మరదలు పెడుతుంది, ఆమెను మించినవాళ్లు నాకెవరున్నారు, అన్నాడు ఆనందరావు. రాసేవాడు ఎక్కువగా రాసేది హిందువుల కాగితాలు. అతనికి అందులో తప్పు కనిపించలేదు. ఎవాంజెలిన్ ఆ రోజు పండగకు కట్టే చీర కట్టుకుని వెళ్లి సంతకం పెట్టింది.

కామాక్షి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇదే మా ఇంట్లో అయితే ఇబ్బంది లేదండీ. హిందువుల వీలునామాకు ఈ నియమం లేదు. మీ క్రైస్తవుల వీలునామాకు ఉంది. సాక్షి సంతకం పెట్టినవాళ్లకు అందులో ఏం రాసినా చెల్లదు."

"అంటే?"

"వీలునామా ఉంటుంది. మీకిచ్చింది మాత్రం పోతుంది."

గది బయట విద్యార్థులు గట్టిగా మాట్లాడుకుంటూ మెట్లు దిగారు. ఎవాంజెలిన్ వీలునామా తన వైపు లాక్కుంది.

"నాకు పోతే పోనివ్వండి. వాడికి ఉంటుంది కదా?"

"ఉంటుంది. వారసుడిగా ఇల్లు శాంసన్‌ది అవుతుంది. తరవాత శాంసన్ చేత ఎవరు సంతకం పెట్టిస్తే వాళ్లది అవుతుంది."

"వాడు పెడితే చెల్లుతుందా?"

"చెల్లదు. చెల్లదని కోర్టులో తేలేసరికి ఆ చోట అపార్ట్‌మెంట్ లేచి ఉంటుంది. మీరిద్దరూ ఎక్కడుంటారో నాకు తెలియదు."

ఆ మాట ఎంత దగ్గరిదో పదిరోజులు కాకముందే తెలిసింది. ఆనందరావు తమ్ముడి కొడుకు విజయ్ కుమార్ చూడ్డానికి వచ్చాడు. అంబర్‌పేటలో ఉంటాడు, బిల్డర్ల దగ్గర తిరుగుతుంటాడు. ఆపిల్ పళ్లు తెచ్చాడు. పెదనాన్న మంచం మీద కూర్చుని కాళ్లు పట్టాడు. ఇల్లంతా ఒకసారి నడిచి చూశాడు.

"ఆంటీ, ఈ గోడలు ఎన్నాళ్లుంటయి? తార్నాకలో ఇండిపెండెంట్ హౌస్ ఎవరు ఉంచుకుంటున్నారు చెప్పండి. ఇస్తే రెండు ఫ్లాట్లు వస్తాయి. మీరు హ్యాపీగా లిఫ్టులో ఎక్కొచ్చు."

"నేను నేల మీదే హ్యాపీగా ఉన్నాను నాయనా."

విజయ్ నవ్వాడు. ఆ నవ్వులో చెడు లేదు. శాంసన్ భుజం తట్టాడు. "ఏం హీరో, ఆటోగ్రాఫ్ ఇయ్యవా అన్నకు?"

శాంసన్ మొహం వెలిగింది. విజయ్ జేబులోంచి తెల్లకాగితం తీశాడు. శాంసన్ గోడకు ఆనించి, నాలుక పళ్ల మధ్య పెట్టి, సంతకం పెట్టాడు. కింద గీత గీశాడు. విజయ్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అదెందుకురా?" అంది ఎవాంజెలిన్.

"గుర్తుగా ఆంటీ."

"ఆబా!" అన్నాడు మంచం మీంచి ఆనందరావు. ఎడమచేత్తో మంచంపట్టె కొట్టాడు. "ఆబా! ఆబా!"

విజయ్ బిత్తరపోయి కాగితం తీసి బల్ల మీద పెట్టేశాడు. జోక్ చేశాను పెదనాన్నా, అన్నాడు. జోకే అయ్యుండవచ్చు. అతను వెళ్లాక ఎవాంజెలిన్ ఆ కాగితం చింపలేదు. చాలాసేపు పట్టుకు కూర్చుంది. ఆ సంతకంలో ఒక్క అక్షరం తప్పులేదు.

కొత్త వీలునామా రాయాలి. ఆనందరావు బతికుండగానే, మనసు నిలిచి ఉండగానే. మాట లేని మనిషి రాయగలడా అని ఎవాంజెలిన్ భయం. కామాక్షి ఒక పాత చట్టం తెరిచి చూపించింది. చెవిటివారైనా, మూగవారైనా, గుడ్డివారైనా, తాము చేస్తున్నదేమిటో తెలిసినవారైతే వీలునామా రాయవచ్చు. ఎవాంజెలిన్ ఆ వాక్యం రెండుసార్లు చదివింది. అది ఎవరో తెల్లదొరలు ఎప్పుడో రాసిన వాక్యం. తార్నాకలో ఒక మంచం మీద పడుకున్న మనిషిని వాళ్లు ఎట్లా చూశారో ఆమెకు అర్థం కాలేదు.

"మాట అడగలేదే," అంది. "చెయ్యి కూడా అడగలేదు."

"తెలిసి ఉండటం ఒక్కటే అడిగారు. అది రుజువు చెయ్యాలి మనం."

చిత్తుప్రతి రాసేటప్పుడు ఎవాంజెలిన్ ఒక మాట పట్టుబట్టింది. "నాకు ఊరికే రాయొద్దండీ. శాంసన్‌ను జీవితాంతం చూసుకోవాలనే షరతు మీద, అని రాయండి. చూడకపోతే ఇల్లు నాది కాదని రాయండి. ఇంటికోసం ఉండిపోయిందనే మాట నాకొద్దు." లాయరుగా కామాక్షికి కూడా ఆ షరతు నచ్చింది. శాంసన్‌కు అది రక్షణ. రాసింది.

"ఇంకో సంగతి. సంతకాల రోజు మీరు ఇంట్లో ఉండకూడదు."

"ఆయనకు మంచినీళ్లు?"

"నేను ఇస్తాను."

"గొంతులో అడ్డం పడతాయి. తల ఇట్లా వంచి..."

"టీచర్‌గారూ. బయట ఉండండి. మీరు పక్కనుండి రాయించారని రేపెవరూ అనకూడదు."

ఆ ఉదయం ఆమె శాంసన్‌ను తీసుకుని యూనివర్సిటీకి వెళ్లింది. ఆర్ట్స్ కాలేజీ ముందు మెట్ల మీద కూర్చున్నారు. బీయెడ్‌లో చేరిన కొత్తలో ఆమె ఈ మెట్ల దాకా వచ్చి, పైనున్న ఆ పెద్ద కమాను చూసి భయపడి, ఆ రోజుకు వెనక్కి వెళ్లిపోయింది. ఇన్నేళ్లలో అది అలవాటైంది. ఈ ఉదయం మళ్లీ కొత్తగా ఉంది. రాయి మీద ఎండ పాకుతోంది. ఇల్లు నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే ఉంది. అక్కడ ఏం జరుగుతోందో ఆమెకు తెలియదు. అక్క పోయిన తరవాత ఆ ఇంట్లో జరిగేది ఆమెకు తెలియకుండా పోవడం ఇదే మొదలు.

"ఇంటికి పోదామా?" అన్నాడు శాంసన్.

"ఇంకా లేదు."

"ఎందుకు?"

"నాన్నకు పని ఉంది."

శాంసన్ ఆమె వైపు వింతగా చూశాడు. నాన్నకు పని ఉండటం అతను మరిచిపోయి చాలాకాలమైంది.

ఇంట్లో ముగ్గురున్నారు. కామాక్షి, ఆనందరావుకు వైద్యం చేసే డాక్టర్ పేరయ్య, వీధి చివర ఇస్త్రీబండి పెట్టుకునే బుచ్చిరాములు. డాక్టరు, బుచ్చిరాములు సాక్షులు. బుచ్చిరాములు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"జల్ది కానియ్యుండ్రి మేడమ్, బొగ్గులు రగిలించి వచ్చిన. సారు నాకేమన్న రాస్తున్నడా?"

"ఏమీ రాయట్లేదు. అందుకే నిన్ను పిలిచాం."

"గిదేం కథ! ఏం రానోన్నే పిలుస్తరా?"

"అవును. ఏమీ రానివాళ్ల మాటే చట్టం నమ్ముతుంది."

"గట్లయితే ఈ తార్నాకల నాకంటె పెద్ద సాక్షి దొరకడు తియ్యి," అని బుచ్చిరాములు కింద కూర్చోబోయాడు. డాక్టరు కుర్చీ చూపించాడు.

కామాక్షి మంచం పక్కకు జరిగింది.

"సార్, ఇది విద్యానగరా?"

ఆనందరావు తల అడ్డంగా ఊపాడు.

"తార్నాకా?"

నిలువుగా ఊపాడు.

"మీకు ఇద్దరు కొడుకులా?"

అడ్డంగా.

డాక్టరు తృప్తిపడ్డాడు. కామాక్షి వీలునామా నెమ్మదిగా చదివింది. చదవడం అయిపోయింది. ఇలాగే రాయమంటారా, అంది.

ఆనందరావు తల అడ్డంగా ఊపాడు.

కామాక్షి మళ్లీ చదివింది. మళ్లీ అడ్డంగా. మొహం ఎర్రబడింది. ఆబా, ఆబా.

"అలిసిపోయారు," అన్నాడు డాక్టరు మెల్లగా. "మనసు నిలవట్లేదేమో. ఇవాళ్టికి వదిలేద్దామా?"

ఇవాళ వదిలేస్తే ఈ అడ్డంగా ఊపిన తల మిగులుతుంది. చూసినవాళ్లు ఇద్దరున్నారు. రేపు ఎవరైనా అడిగితే వాళ్లు నిజమే చెప్పాలి. కామాక్షి మంచం మీదికి వంగింది.

"మీ తమ్ముడి కొడుక్కి రాయాలా సార్?"

"ఆబా!" అడ్డంగా, కోపంగా.

"శాంసన్ పేరు మీదనా?"

అడ్డంగా.

"చర్చికా?"

అడ్డంగా. ఈసారి నవ్వులాంటిది ఒకటి మూతిమీద వచ్చి వెళ్లింది.

"ఎవాంజెలిన్‌గారికేనా?"

నిలువుగా. కళ్లు మూసి, తెరిచి, మళ్లీ నిలువుగా.

"మరి ఏమిటి సార్?"

ఆయన ఎడమచెయ్యి చాచాడు. కామాక్షి అట్టమీద కాగితం పెట్టి ఆయన ముందు పట్టుకుంది. వేలు పైన మొదలైంది. ఒక్కో వరుసా దిగింది. ఒకచోట ఆగింది. గోరుతో ఆ వరుస మీద గీశాడు. మళ్లీ గీశాడు. కాగితం మీద పొర లేచింది.

డాక్టరు వంగి పైకి చదివాడు. "శాంసన్‌ను జీవితాంతం చూసుకోవాలనే షరతుపై."

 కామాక్షి కుర్చీ ఇంకా దగ్గరికి లాక్కుంది. ఇప్పుడు అడగాల్సింది అడగకపోతే తన వృత్తికి అర్థం లేదు.

"సార్, ఈ మాట తీసేస్తే మీ తరవాత ఆమె మర్నాడే ఇల్లు అమ్ముకోవచ్చు. మీ అబ్బాయిని ఎక్కడైనా వదిలేసి వెళ్లిపోవచ్చు. ఎవరూ అడగలేరు. చట్టం కూడా అడగదు. తెలుసా మీకు?"

నిలువుగా.

"ఈ మాట పెట్టమని ఆమే అడిగారు."

ఆయన కామాక్షిని చాలాసేపు చూశాడు. ఆ సంగతి తనకు తెలుసన్నట్టు తల ఊపాడు. గోరు మళ్లీ అక్కడికే వెళ్లింది.

కామాక్షి చాలా వీలునామాలు రాసింది. కోడలు ఈ గదిలోకి రాకూడదని రాయించినవాళ్లున్నారు. ఏటా తన పేర అన్నదానం చేస్తేనే పొలమని రాయించినవాళ్లున్నారు. పోయాక కూడా పట్టు వదలని చేతులు. ఉన్న ముడిని విప్పమన్నవాళ్లు ఆమెకు ఇంతదాకా తగల్లేదు. ఇక్కడ ఒక మనిషి తనకున్న ఒక్క ఇంటినీ, ఒక్క కొడుకునూ, ఏ తాడూ కట్టకుండా మరొక మనిషి చేతిలో పెడుతున్నాడు. ఏం చేస్తున్నాడో తెలిసి చేస్తున్నాడు.  చట్టంలో చదివిన మాటను కళ్లారా చూస్తున్నానని కామాక్షికి అనిపించింది.

ఆమె కొత్తకాగితం తీసి మొత్తం తిరగరాసింది. ఆ వరుస లేకుండా. చదివి వినిపించింది. తల నిలువుగా ఊగింది. ఎడమ బొటనవేలు సిరాలో ముంచి కాగితం మీద పెట్టాడు. గట్టిగా పెట్టాడు. డాక్టరు సంతకం చేశాడు. బుచ్చిరాములు కూడా పెట్టాడు. ఆ తరవాత లేవలేదు. బండి దగ్గర బొగ్గులు బూడిదైపోతున్నాయి.

"పోవా?" అన్నాడు డాక్టరు.

"పోత సార్," అన్నాడు బుచ్చిరాములు. పోలేదు.

గొడుగు చప్పుడుకు అందరూ తలుపు వైపు చూశారు. ఎవాంజెలిన్ గడప దగ్గర ఆగింది, పక్కన శాంసన్. తన ఇంట్లోకి రావచ్చా అని అడుగుతున్నట్టు నిలబడింది.

"అయిందండీ. రండి," అంది కామాక్షి. ఆనందరావు వైపు తిరిగి, "చదవమంటారా ఆమెకు?" అంది. ఆయన ఊపాడు.

కామాక్షి చదివింది. ఎవాంజెలిన్ తలవంచుకుని వింది. చదవడం ఆగాక కూడా వింటూనే ఉంది.

"ఇంకో పేజీ ఉందా?"

"లేదండీ."

"షరతు?"

"తీయించారు."

"ఎవరు?"

కామాక్షి మంచం వైపు చూసింది.

"బావగారూ! ఏంటండీ ఈ పని?" ఎవాంజెలిన్ గొంతు లేచింది. "రేపు సంఘంలో నా మొహం ఎక్కడ పెట్టుకోను? మరదలు ఇల్లు కాజేసిందనరూ?"

"ఆబా," అన్నాడు ఆయన, చాలా మెల్లగా.

"ఆబా ఏంటి ఆబా! అన్నిటికీ అదే!"

బుచ్చిరాములు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆ ఇంట్లో ఆమె కేక వేయడం వీధిలో ఎవరూ ఎరగరు.

ఆమె గొడుగు గోడకు ఆనించింది. తరవాత బల్ల పక్క స్టూలు మీద కూర్చుంది. తెనాలి మీదుగా వెళ్లే బండి రోజూ సికింద్రాబాదులో బయలుదేరుతుంది. ఎవరైనా ఎక్కవచ్చు. ఆ సంగతి చాలా ఏళ్ల తరవాత గుర్తొచ్చినట్టు ఆమె కిటికీలోంచి బయటకు చూసింది. ఎక్కవచ్చు. ఎవరూ పట్టుకోవడం లేదు. ఆమె చేతులు ఒడిలో ఖాళీగా ఉన్నాయి. వాటిని తిప్పి చూసుకుంది.

బావ కళ్లు ఆమె మీదే ఉన్నాయి. వాటిలో అడగడం లేదు. ఆమె ఆ కళ్లను ఇన్నేళ్లుగా చూస్తోంది. ఇంత వెడల్పుగా ఉంటాయని గమనించలేదు.

"లాయరుగారూ," అంది చివరికి. "ఈ ఇల్లు నాకొచ్చాక నేను పోతే?"

"ఏమీ రాయకపోతే మీ తమ్ముళ్లకు వెళ్తుంది."

"అయితే కూర్చోండి. నాదీ రాయండి."

"ఇవాళేనా?"

"ఇవాళే. ఇల్లు వీడికి. వీడి సంతకంతో ఎవరూ అమ్మించుకోకుండా."

కామాక్షి పెన్ను మూత తీసింది. "శాంసన్ కోసమని ఇంకొకరి చేతిలో పెట్టవచ్చు. శాంసన్ వాళ్ల దగ్గర ఉంటాడు. ఎవరి పేరు రాయను?"

ఎవాంజెలిన్ నోరు తెరిచింది. పిన్నికూతురు ఒకరున్నారు. సంఘంలో ఒక దంపతులున్నారు. ఊరికి దూరంగా సిస్టర్లు నడిపే ఆశ్రమం ఉంది. పేర్లన్నీ వరసగా వచ్చి నాలుక మీద ఆగాయి. ఆమె ఒక్కటీ చెప్పలేదు. గుమ్మం పక్కన కూర్చున్న శాంసన్ వైపు తిరిగింది.

"శాంసన్, ఇట్లా రా."

వచ్చాడు.

"నా తరవాత నువ్వు ఎవరి దగ్గర ఉంటావు?"

బోర్డులో అడిగినవారున్నారు, బడిలో అడిగినవారున్నారు. పేరు అడిగారు, వారం అడిగారు. ఈ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు. శాంసన్ నేల చూశాడు. పైకి చూశాడు. మొహంలో ఏదో లోపలి నుంచి కదులుతూ వచ్చింది. డాక్టరు కళ్లద్దాలు సర్దుకున్నాడు. మంచం మీద ఆనందరావు తల దిండు నుంచి కొంచెం లేచింది.

"నువ్వెక్కడికి పోతున్నవ్ పిన్నీ?"

ఆమె అతనికి ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. "ఇప్పుడు ఎక్కడికీ లేదు. ఎప్పుడో ఒకప్పుడు."

"దూరమా?"

"దూరమే."

శాంసన్ మళ్లీ ఆలోచించాడు. తొందరపడలేదు. గదిలో ఎవరూ తొందరపెట్టలేదు.

"అయితే నాకు ఇప్పుడే ఎట్ల తెలుస్తది?" అన్నాడు. "అప్పుడు అడుగు. అప్పుడు చెప్తా."

బుచ్చిరాములు తల ఊపాడు. కామాక్షి కాగితం వైపు చూసింది. తరవాత రాసింది. రాసింది పైకి చదివింది.

"శాంసన్ ఎక్కడ, ఎవరి దగ్గర ఉండవలెనన్నది ముందుగా శాంసన్‌ను అడిగి, అతను చెప్పిన దాన్నిబట్టి నిర్ణయించవలెను."

ఆమె అలాంటి వాక్యం అంతకుముందు ఏ వీలునామాలోనూ రాయలేదు.

శాంసన్ కాగితం దగ్గరికి వచ్చి వంగి చూశాడు. తన పేరు గుర్తుపట్టాడు. రెండుచోట్లా వేలు పెట్టాడు.

"ఇంకోసారి చదువు మేడమ్," అన్నాడు.

కామాక్షి చదివింది.